అర డిగ్రీ

బెడ్‌ఫర్డ్‌లో జనవరి. నాలుగింటికే పొద్దు కుంకింది.
అది చాలక లోపల మేమింకో చీకటి కట్టుకున్నాం:
తలుపు సందులకు నల్ల టేపు,
ముల్లు మెరుస్తుందని పెంగెల్లీ గడియారం జేబులోకి.

సొరంగం నడుమ మూరెడు రెక్క, రెసిన్‌తో పోత పోసింది.
ఒళ్లంతా గులాబీ పూత.
నీలి దీపం వేస్తే ఎర్రగా వెలుగుతుంది.
గాలి ఎక్కడ అదిమితే అక్కడ
ప్రాణవాయువు చొరబడి
ఆ వెలుగును కాస్త నొక్కేస్తుంది.
కాస్తంటే,
వెయ్యిలో ఐదో, ఆరో.

ధ్వనిని మించిన వేగాల్లో ఈ రంగు కేకేసి చెబుతుందట.
మాది సెకనుకు నలభై మీటర్లు.
ఇక్కడ గొణుగుతుంది.
అందుకే ఒకే బొమ్మ రెండొందల సార్లు తీసి,
సగటు కట్టి,
గాలి లేనప్పటి బొమ్మను గాలి ఉన్నప్పటి దానితో భాగించి
చెవి ఒగ్గి కూర్చుంటాం.

పెంగెల్లీకి ఇదంతా ఎకసెక్కం.
ముప్పయ్యేళ్లు రెక్కలకు చిల్లులు పెట్టిన చెయ్యి ఆయనది,
సూదిమొన దూరేంత చిల్లు, చిల్లుకో గొట్టం.
"చిల్లు అబద్ధమాడదు" అంటాడు.
ఆడదు.
కానీ చిల్లుకీ చిల్లుకీ మధ్య గీత
మనం గీసిందే కదా, అంటాను.
ఆయన టీ ఊదుకుంటాడు.

ఆ సాయంత్రం
రెక్క ముందంచుకు కాస్త వెనక,
పీడనం పడిపోయి వెలుగు హెచ్చాల్సిన చోట
చింతగింజకు రెండింతలు, మసక మచ్చ.
ప్రవాహం విడిపోయిందా? బుడగ కట్టిందా?
రెండు గంటలు లెక్కలు.
ఎవరికీ చిక్కనిదేదో నాకు చిక్కిందని
లోపల చిన్న పొంగు కూడా. దాచను.

పెంగెల్లీ గొంతు సవరించుకున్నాడు.
"ఫ్యాన్ వేసే ముందు, మరి, ఒక దూదిపోగు కనబడితే..."
కుడి బొటనవేలు ఎత్తి చూపించాడు.

వెచ్చదనానికీ మందగిస్తుంది ఈ రంగు.
ఒత్తిడేదో వేడిమేదో దానికి తెలీదు,
రెండింటికీ ఒకేలా తల వంచుతుంది.

నాకు నవ్వు రాలేదు. వెంటనే రాలేదు.

"ఇంతకీ ఎంత?" అన్నాడు.
"ఏది?"
"నా వేలు."
లెక్క వేశాను. అర డిగ్రీ.
ఆరొందల పాస్కళ్లు.
మేం వేసిన గాలిలో సగానికి పైమాటే.

"పర్లేదు, ఈ వయసులో" అని
చేతులకు తొడుగులు వేసుకుని
తడుముకుంటూ వెళ్లాడు దీపం ఆర్పడానికి.
రెక్క చల్లారేదాకా ఇద్దరం
చీకట్లో ఊరికే కూర్చున్నాం,
ఏదీ తాకకుండా.