ఈనె కొలత

పొద్దున్నే కాలవ మీది కాలివంతెన కొలిచాను.
టేపు దొరకలేదు. చీపుర్లోంచి ఓ ఈనె లాగి
ఈ గొట్టం నుంచి ఆ గొట్టానికి అడ్డంగా పెట్టి
మిగిలిన కొసని పళ్ళతో కొరికేశాను.
అవతలి రేవులో గేదెను కడుగుతున్న సూరప్ప
"వంతెనేవైనా కొంటన్నావేంటమ్మా" అన్నాడు.
"కాదండి, బండి" అన్నాను.

ఇద్దరు పిల్లలకి ఒక బండి.
చిన్నోడికి నాలుగో నెల, మెడ ఇప్పుడిప్పుడే నిలుపుతున్నాడు.
కెజియాకి మూడు దాటి ముప్పావు.
నడుస్తుంది, నడవదు.
అంగన్‌వాడీకి వెళ్ళేప్పుడు గట్టంతా పరుగే,
వచ్చేప్పుడు మాత్రం రొయ్యల చెరువు మలుపులో
కాళ్ళు ఎవరికో అరువిచ్చినట్టు కూలబడుతుంది.
నాకు ఉన్నవి రెండు చంకలు.
బియ్యం సంచీ కూడా ఉన్నరోజు ఇంక చెప్పక్కర్లేదు.

అమలాపురంలో కొట్టు. ఏసీ. అద్దాల వెనక
రేటు చీటీలు మెళ్ళో వేసుకుని బళ్ళు.
మొదటిది పక్కపక్క సీట్లది.
"ఇద్దరూ ఒకే ఆకాశం చూస్తారు మేడమ్" అన్నాడు కొట్టబ్బాయి.
మాట బాగుంది. సంచీలోంచి ఈనె తీశాను.
బండి నాలుగు వేళ్ళు ఎక్కువొచ్చింది.
ఆకాశం సంగతి సరే బాబూ, వంతెన పట్టదు.

రెండోది ముందొకటి, వెనకొకటి, రైలుపెట్టెల్లా.
సన్నంగా ఉంది. ఈనె ఒప్పుకుంది.
కెజియాని వెనక కూచోబెట్టారు.
నిమిషం కూచుని,
"అమ్మా, తమ్ముడి గొడుగు తప్ప ఏం కనపళ్ళేదు" అంది.
నాలుగు నెల్లుగా దానికి కనపడుతున్నది అదే కదా
అనిపించింది. దించేశాను.

మూడోది ఒంటి సీటుది. వెనక చక్రాల మధ్య
ఓ పలక తగిలిస్తారట, పెద్దపిల్ల దానిమీద నిలబడొచ్చట.
పలకకి వేరే ధర.
ఫోన్లో ప్రభుదాసు, పంటు ఇంజను మోత మధ్య
"ఎంతా? ఎంతా?" అని రెండుసార్లడిగి
వినపడనట్టు పెట్టేశాడు.

ఉత్తచేతుల్తో వచ్చేశాను.

సాయంత్రం సత్యవేణక్క వచ్చింది,
కువైట్లో ఆరేళ్ళు కవలల బండి తోసిన మనిషి.
నా గిన్నె ముందేసుకుని రొయ్యలు వలుస్తూ చెప్పింది:
"గుడ్డ రంగు చూడకు. బ్రేకు చూడు.
చిన్నోడికి వీపు పూర్తిగా వాలాలి.
ఒంటిచేత్తో మడతపడాలి, రెండోచెయ్యి ఎప్పుడూ ఖాళీ ఉండదు.
బుల్లి చక్రాలొద్దు, మన గట్టు కంకర్లో ఇరుక్కుంటాయి.
అక్కడంతా పాలరాయే,
తోస్తే నీళ్ళమీద పోయినట్టు పోయేది."
కాసేపు రొయ్యలే వలిచింది.
"మావాడు మా అమ్మ చంకన పెరిగాడు.
నేనొచ్చేసరికి దిగిపోయాడు."
గిన్నె దాటి పడ్డ రొయ్య ఒకటి ఏరి లోపల వేశాను.

చివరికి కొన్నాం, ఒంటి సీటుదే, పెద్ద చక్రాలది,
రావులపాలెంలో ఎవరో వాడి అమ్మేసింది.
ఒక చక్రం కీచుమంటుంది, కొబ్బరినూనె వేస్తే మూడ్రోజులు ఊరుకుంటుంది.
పలక మటుకు కొనలేదు.
పాత పంటు బల్ల మీద వీరభద్రాచారి
కెజియా పాదాలు పెన్సిల్‌తో గీసుకుని
రెండు వేళ్ళు అదనంగా వదిలి కోశాడు.
"పెరుగుద్ది కదండీ" అన్నాడు.

వంతెన దాటాం ఇవాళ.
ఈ పక్క గొట్టానికి చిటికెనవేలంత, ఆ పక్క అంత.
ముందు చిన్నోడు నిద్ర.
నా పొట్టకీ పిడికీ మధ్య నిలబడి కెజియా
"పక్కకి జరగండీ, బండొస్తంది" అని
ఎవరూ లేని వంతెన మీద కేకలు.
దాని తల నా గుండెలకి ఆనింది.
ఆ నూనె వాసన ఇంత దగ్గరగా తగిలి
ఎన్నాళ్ళయిందో లెక్కేసుకోబోయి మానేశాను.

ఈనె ఇప్పుడు దానిది.
గేటు కొలిచింది, తమ్ముణ్ణి కొలిచింది,
సూరప్ప గేదె తోక కొలవబోయి తిట్లు తింది.
రాత్రి నా ఒడి కొలిచింది,
రెండుసార్లు, అటు నుంచీ ఇటు నుంచీ.
ఏం తేలిందో చెప్పలేదు.
ఈనెని తలగడ కింద దాచుకుని పడుకుంది.