పదకొండో గడి

వార్డు వెనక రికార్డు గదిలో
కాయితాలు ఎగిరిపోతున్నాయని ఫ్యాను ఆపేశాను.
నూట పద్నాలుగు కేస్ షీట్లు.
అన్నిట్లోనూ ఒకటే మాట: జ్వరంతో ఫిట్స్.
వయసు పది నెలలు, ఏడాదిన్నర, రెండేళ్ళు, మళ్ళీ పది నెలలు.
కిటికీ రెక్క మీద పోర్టు దుమ్ము ఎర్రగా.

శనివారానికి లెక్క కావాలన్నారు సూపరింటెండెంటు గారు.
గేటు దాటిన ఎన్నో నిమిషానికి మందు పడింది?
షుగర్ చూశారా? జ్వరం ఎంతో రాశారా?
అక్కర్లేని స్కాన్ ఎందరికి?
నలభై ఒక్కమందికి.
నలభై ఒక్క చిన్న తలకాయల్లోనూ ఏమీ లేదు.
మిషను పాడైన నెల్లో
బయట తీయించుకొచ్చిన తండ్రి ఒకడు
ఫిల్ము వెనక రసీదు పిన్ను కొట్టి ఉంచాడు,
ఎవరైనా తిరిగిస్తారేమోనని.

పదకొండో గడి:
తల్లికి వివరించారా?

అన్నిటికీ టిక్కే.
ఒకే నీలం, ఒకే వాలు.
పిల్లాడు ఇంకా కళ్ళు తెరవని పూటే
పడిపోయిన టిక్కులు కూడా ఉన్నాయి.

అరవయ్యేడో షీటు దగ్గర చెయ్యి ఆగింది.
అది నా రాత.

గరికిన లోవరాజు, ఏడాదిన్నర, పెదజాలారిపేట.
రాత్రి రెండూ పది.
పిల్లాడి గుప్పిట్లో ఇనప తాళంచెవి,
పడవ డీజిల్ పెట్టెది.
వేళ్ళు విప్పి తీసి ట్రేలో పడేసింది నేనే.
ఫిట్స్ ఎంతసేపని అడిగితే వాళ్ళమ్మ పరదేశమ్మ
"ఆటో ఎక్కకముందే ఆగిపోనాదమ్మా,
నానే ఆగలేదు" అంది.
నేను మూడు నిమిషాలని రాశాను.

తొంభై మూడో షీటు. మళ్ళీ లోవరాజే.
నెలా పది రోజుల తర్వాత.
కింది పెదవి తెగింది, ముందు పన్ను లేదు.
"నాలిక కొరికేసుకుంటాడని
గరిటి కాడ ఎట్టినాను. తప్పేటమ్మా?"
ఈ మాట షీట్లో లేదు.
షీట్లో ఉన్నది టిక్కు.

చెప్పాల్సింది నాలుగే ముక్కలు.
పక్కకి తిప్పి పడుకోబెట్టు.
నోట్లో ఏమీ పెట్టకు.
టైము చూడు.
ఐదు నిమిషాలు దాటితే ఆగకుండా తీసుకురా.

ఆ రాత్రి ఇరవై రెండు మంచాల మీద ముప్పై ఎనిమిదిమంది పిల్లలు,
ఇద్దరం నర్సులం.
అది కారణం.
సాకు కూడా అదే.

ఎర్ర పెన్ను తీసి
నా రెండు టిక్కులూ కొట్టేసి "లేదు" అని రాశాను.
మిగతావి ఎవరివో తెలుసు. ముట్టుకోలేదు.
కాసేపు కూర్చున్నాను.
షీటు మూల ఫోన్ నంబరు ఉంది, చివరి అంకె ఒకటో ఏడో.
ఒకటికి కొడితే గాజువాకలో ఎవరో వెల్డింగ్ షాపు.
ఏడుకి కొట్టాను.

"ఏ ఆస్పత్రి? డబ్బులేటైనా కట్టాలా?"
వెనక ఒడ్డు మీద చేపల వేలం కేకలు.
డబ్బులు కాదు, నాలుగు మాటలు చెప్పాలన్నాను.
"అయితే ఉండమ్మా, ఇంటికెళ్ళి సేత్తాను.
నాను పొద్దుట సేపలకొచ్చేత్తే
గుంటడు మా అత్తకాడే ఉంటాడు.
ఇనాల్సింది ఆవిడే."

నమ్మలేదు. టీ తాగొచ్చాను.
పావుగంటకి మోగింది.
స్పీకర్ పెట్టినట్టుంది, గిన్నెల చప్పుడు,
దగ్గర్లో పిల్లాడి ఊపిరి, ఫోన్ నాకుతున్నాడేమో.

నాలుగూ చెప్పాను. మళ్ళీ చెప్పాను.
ముసలావిడ ఒక్కోదాన్నీ తనలో తను అనుకుంటోంది,
మూడో దాని దగ్గర ఆగింది.
"గోడ గడియారం ఆగిపోయి ఏడాదయింది తల్లీ.
ఫోన్లో సూడొచ్చా?"

చూడొచ్చు, అన్నాను.