దించడం

టేమా రేవులో ఆమర్కాయ్ వాళ్ళ నాన్న
ఓడల్లోంచి పిండి బస్తాలు దించేవాడు.
ఖాళీ అయిన బస్తాల మీద
ఆమర్కాయ్ బొమ్మలు దించేవాడు.
క్రియ ఒక్కటే.
నడుం నొప్పీ ఒక్కటే.

రెండు బస్తాలు విప్పి, కలిపి కుట్టి
గంజి పట్టించి ఎండేస్తే
మనిషెత్తు గుడ్డ.
ఎంత తెల్లరంగు కొట్టినా
మిల్లు పేరూ, యాభై కిలోలన్న అంకే
నీళ్ళ కింద చేపల్లా
తేలుతూనే ఉండేవి.

నేనప్పుడు బ్రష్షులు కడిగే పిల్లని.

వీడియో వ్యాను ఓనరు
క్యాసెట్ అట్ట ఇచ్చేవాడు, క్యాసెట్ ఇచ్చేవాడు కాదు.
"సినిమా నువ్వు చూస్తే నాకేమొస్తుంది?
జనం చూడాలి."
అట్ట అరచేయంత.
అదీ జిరాక్సుకి జిరాక్సు.
హీరో ముఖంలో సగం
ధర చీటీ కింద.

మిగతా సగం ఎక్కణ్ణించి తేవడం?
టెషీ ఒడ్డున చేపలు పొగబెట్టే
మేనత్త దవడ తెచ్చి అతికించాడు.
హీరోకి నప్పింది.
మేనత్తకి చెప్పలేదు.

కథలో పాముందో లేదో తెలీదు.
పాముంటే టికెట్లు తెగుతాయని తెలుసు.
మూడు మెలికల పచ్చపాము వేశాడు.
ఆ రాత్రి జనరేటరు హోరులో
ఊరంతా పాము కోసం కూచుంది.
సినిమా అయిపోయింది. పాము రాలేదు.
"రెండో భాగంలో వస్తుందిలే" అనుకుంటూ
చెప్పులు వెతుక్కుని ఇళ్ళకెళ్ళారు.

తుపాకీ పట్టిన చేతికి ఆరు వేళ్ళు.
"ఒకటి ఎక్కువైంది" అన్నాను.
"డబ్బిచ్చి చూసేవాడికి
కొసరు వెయ్యొద్దూ!" అన్నాడు.

తర్వాత ఇంటింటికీ టీవీ వచ్చింది.
వ్యానులో ఇప్పుడు కోళ్ళు.
చుట్టచుట్టిన బస్తాగుడ్డల్ని
ఎవరో దొర
రెండు సిమెంటు బస్తాల ధరకి
మొత్తంగా పట్టుకుపోయాడు.

ఇరవయ్యేళ్ళకి
కంటమాంటో సంతలో
పాతబట్టల మూట విప్పుతున్నారు, దిగుమతి సరుకు.
అందులో ఒక బనీను.
బనీను మీద మేనత్త దవడ.
ఆరు వేళ్ళు, పాము,
వాటి వెనక వెలిసినట్టుగా, ఎంతో శ్రద్ధగా
యాభై కిలోలు.
అదీ కళే అనుకున్నారు పాపం.
అంచున చీమంత అక్షరాల్లో
సర్వహక్కులూ ఎవరివో.

బేరమాడి కొన్నాను.
మన బొమ్మకి మనమే బేరమాడటం
నాలిక కరుచుకున్నట్టుంది.

ఆమర్కాయ్ కంటికి పొర కమ్మింది.
గుమ్మంలో వెలుగుకి పట్టి
బొటనవేలితో తడిమి
చాలాసేపు మాట్లాడలేదు.
నేను తిట్ల కోసం కాచుక్కూచున్నాను,
ఆనాటి జనం పాము కోసం కూచున్నట్టు.

"రెండే మెలికలు వేశాడు వీడు" అన్నాడు.

కోపం రాలేదా అన్నాను.
"డబ్బు సంగతికి వచ్చింది.
ఇంకా ఉంది, రాత్రికీ ఉంటుంది.
బొమ్మ సంగతి వేరు, కోర్కోయ్.
ఆ అట్ట మీది మొహంగాడికి
నేను పెసెవా పంపానా?
అత్త దవడకి అద్దె కట్టానా?
ఎంగిలి కాని గిన్నెలో
ఎవడు తిన్నాడు ఇక్కడ?"

కాసేపాగి,
గొంతు తగ్గించి, నేరం ఒప్పుకుంటున్నట్టు:
"రెండే బాగున్నాయే."

మర్నాడు సెలూన్ బోర్డు మీద పాము వేశాడు.
సెలూన్‌కి పామెందుకని నేనడగలేదు.
మెలికలు లెక్కపెట్టాను.
రెండు.

ఇప్పుడు బోర్డులు నేను రాస్తున్నాను.
మొన్న ఫుఫూ హోటలు గోడకి
చేతులు కడుక్కోమని ఒక బొమ్మ.
వేసి, దిగి, రంగు డబ్బా మూత పెడుతుంటే
ఓనరు వచ్చి
వేలు పెట్టి లెక్కపెట్టాడు.
మళ్ళీ లెక్కపెట్టాడు.

"ఒకటి ఎక్కువుందమ్మా."

డబ్బులు మాత్రం
అయిదు వేళ్ళకే ఇచ్చాడు.