కాలని ఫ్యూజు

కల్వకుర్తి బస్టాండు ఎనక
పంచరు దుకాణానికీ జిరాక్సుకూ నడుమ
నాది తొమ్మిది ఫీట్ల రేకు, ఒక బల్ల.

షట్టరు సగం లేపంగనే ఈదమ్మ.
కొంగుముడి విప్పింది:
మసిపట్టిన ఇనుప మొల.
"ఫ్యూజు ఊకె కాలుతుందని
మా కుర్మయ్య ఇది పెట్టిండన్నా.
ఇది కాలలే.
వైరు కాలింది."

నాటుగుడ్లు నూట ఇరవై.
పొదిగే పెట్టెల పద్దెనిమిదో రాత్రి.
బల్బులారినంక తవుడు సంచి మీద కూసోని
ఒక్కో గుడ్డునూ చెవికాడ పెట్టుకున్నదట.
ఎన్ని బతికినయో చెప్పలే.
నేనడగలే.

"పైసలెంతైనా సరే,
కాలని ఫ్యూజియ్యి."

బీడీకట్ట కాగితం తిప్పి రాసిన.
పెట్టె, ఫ్యాను, టీవీ కలిపి నాలుగొందల వాట్లు.
బ్యాటరీ పన్నెండు.
భాగిస్తే ముప్పైమూడు చిల్లర.
ఇన్వర్టరు తన కూలి తాను తింటది, నలభై అనుకో.
మీద పావువంతు, ఊపిరి తీసుకోనీకి.
యాభై.

ఇన్నాళ్లు పెట్టింది ముప్పైది.
దాని తప్పేమున్నది?
చంటిపోరని నెత్తిన వడ్లబస్తా.

"మరి వందదే పెట్టరాదు?"
"పెట్టొచ్చు.
నీ తీగ మోసేది డెబ్బై.
అప్పుడు తీగే ఫ్యూజైతది,
నీ ఇల్లు దాని డబ్బా అయితది."

మా ఉస్తాద్ జానీమియా అంటుండె:
పని కన్నా గట్టిది, తీగ కన్నా మెత్తనిది,
ఆ సందుల దొరికేదే ఫ్యూజు.
సందు లేకుంటే తీగ మార్చు,
ఫ్యూజును తిట్టకు.

"బ్యాటరీ ప్లస్సుకు జానెడు దూరంల బిగియ్యి.
అవతల పెడితే
ఇవతలి తీగకు కావలెవరు?"
ఆమె తల ఊపింది గని
చూపంతా చేతిల ఉన్నదాని మీదనే.
ఎర్ర ప్లాస్టిక్కు యాభై.
గుడ్డును దీపానికి పట్టినట్టు
ఎండకు పట్టి, ఒక కన్ను మూసి,
అటు తిప్పి ఇటు తిప్పి
"లోపల సన్నగ నరమున్నది" అన్నది.

"ఆ నరం తెగనీకే పుట్టిందమ్మా."

చాన్సేపు మాట్లాడలే.
ఇంకోటి కూడా ఇయ్యమన్నది,
బేరం ఆడింది, పది రూపాయలు తగ్గిచ్చుకున్నది,
కొత్త తీగ చుట్ట చంకకు తగిలిచ్చుకోని
వంగూరు ఆటో ఎక్కింది.

మొల నా బల్ల మీదనే మరిచింది.
మసి తుడిచి గోడకు కొట్టిన.
క్యాలెండరు మోస్తున్నది.