లోపలి గడియ

మార్చి ముప్పై. రాత్రి పదకొండు దాటింది.
రేపటిలోగా నివేదిక పంపాలి.
సైదాబాద్‌లో, ఈ రెండో అంతస్తులో,
ఫ్యాను గాలికి లేస్తున్న బిల్లుల మీద
స్టీలు గ్లాసు బోర్లించి కూర్చున్నాను.

ఇంటికి బోర్డు లేదు.
కూరగాయల బండి అబ్బాయికి ఇది కుట్టుమిషన్ల బడి,
ఎదురింటి పెద్దాయనకు లేడీస్ హాస్టల్.
అసలు సంగతి తెలిసింది ఓనరు ఒక్కడికే.
"పుణ్యకార్యం మేడమ్" అంటూనే
ఏటా అద్దె పెంచుతాడు.

తొలి ఏడు, తలుపులు బిగిస్తూ
వడ్రంగి లతీఫ్ భాయి అడిగాడు,
"గడియ ఎటువైపు పెట్టమంటారమ్మా?"
నవ్వాను, అదేం ప్రశ్న అని.
తర్వాత వచ్చినవాళ్ళు చెప్పారు
వాళ్ళ గదులకు గడియ ఎటువైపు ఉండేదో.

నుస్రత్ వచ్చిన రాత్రి
అన్నం వద్దంది, దుప్పటి వద్దంది.
గడియ వేసింది. తీసింది. మళ్ళీ వేసింది.
గోడకు ఇవతల నేను లెక్కపెట్టాను
ఇరవై మూడు దాకా.
ఆపైన నిద్రపోయింది ఆమో, నేనో.

ఫారంలో గడులున్నాయి.
లబ్ధిదారులు ఎందరు.
పునరావాసం పొందినవారు ఎందరు.
విజయగాథ ఒకటి, ఫోటో జతచేసి.

ఎవరి ఫోటో పంపను?
నాంపల్లి కోర్టులో ఏడో వాయిదాకు కూడా
అదే ప్రశ్నకు అదే జవాబు చెప్పి
బయటికొచ్చి, ముందు మిర్చిబజ్జీ తినాలన్న
వసుంధర గారి మొహమా?
హబ్సిగూడలో మూడంతస్తుల మేడ ఆమెది.
మొదటి నెలంతా మాకే క్షమాపణలు చెప్పేది,
ఒక మంచం ఆక్రమించుకున్నందుకు.

మేం వెళ్ళేసరికే ఆలస్యమైపోయి
ఉస్మానియా వరండాలో తెల్లగుడ్డ కింద చూసిన పిల్లకు
ఈ ఫారంలో గడి లేదు.
పేరు నా దగ్గరే ఉంది.

ఒకసారి, జీతాలివ్వలేని నెలలో,
లెక్కలు చూసే సునంద మీద గొంతు పెంచాను.
వంటింట్లో నలుగురు ఆడవాళ్ళు
ఒక్కసారిగా భుజాలు ముడుచుకున్నారు.
నేను చెయ్యి కూడా ఎత్తలేదు.
ఆనాటి నుంచి ఈ ఇంటి కట్టుబాటు
కోపం వస్తే డాబా మీదికి పోవాలని.
అందరికన్నా ఎక్కువసార్లు మెట్లెక్కింది నేనే.
నీళ్ళ ట్యాంకుకు నా తిట్లన్నీ కంఠతా వచ్చు.

జంగమ్మ మూడుసార్లు వచ్చింది,
మూడుసార్లూ వెళ్ళిపోయింది.
"పిల్లగాని పరీక్షలున్నయక్కా" అని ఒకసారి.
"ఒట్టేసిండు" అని ఒకసారి.
మూడోసారి ఏమీ చెప్పలేదు,
గ్యాసు పుస్తకం వెనకాల మా నంబరు రాసుకుని
పక్కన "జాకిట్లు" అని పెట్టుకుంది.

ఆమెను ఏ గడిలో వేయాలి?
"కౌన్సెలింగ్ విఫలం" అని రాశాను.
కొట్టేశాను.
కాగితం చిరిగేదాకా కొట్టేశాను.

ఫోన్ మోగింది.

"అక్కా, నా జాకిట్లు కుట్టుడయ్యిందా?"
వెనక టీవీ. ఎవరిదో దగ్గు.
నా గొంతు దర్జీ గొంతయింది.
"అయినయమ్మా. ఎప్పుడో తయారున్నయి."
"ఇంత రాత్రి... దుకాణం తీసుంటదా?"
"తీసే ఉంది. పిల్లగాన్ని కూడా తోల్కొని రా,
కొలత తీసుకుంటా."
కాసేపు ఊపిరి ఒక్కటే వినిపించింది.
"చాదర్‌ఘాట్ వంతెన కాడికి వస్త."

కింద బాలమణి అప్పటికే
ఆటో యాదగిరిని లేపుతోంది.
తాళాలగుత్తి దొరికింది, చెప్పులు దొరకలేదు.
గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.
పిల్లవాడికి దాహమేస్తుందేమో.
గ్లాసు తీసి కుండలో ముంచాను.

బిల్లులన్నీ గదంతా లేచాయి.
లేవనీ.