ఐదు మైక్రోసెకన్లు

ప్రతి కూడలిలో వెలుగుని కరెంటు చేసి
చిరునామా చదివి, మళ్ళీ వెలుగు చేయడం –
ఆ దుబాసీ పని వద్దనే కదా
తరమణి ల్యాబులో మూడేళ్ళుగా
ఈ బెత్తెడు గాజుతో నా తగువు.

దారి చూపడం వచ్చేసింది.
ఒకే దారికి రెండు కిరణాలొస్తేనే చిక్కు.
ఒకదాన్ని ఆగమనాలి,
వెలుతురుకి నిలబడడం రాదు.
కిలోమీటరు ఫైబర్ని ఉండచుట్టి
అందులో తిప్పుతాను: ఐదు మైక్రోసెకన్లు.
నోట్సులో పక్కనే రాసుకున్నాను, 'ఇది మోసం'.

వరండాలో తణికాచలం
స్ప్లైసింగ్ మిషను వదిలేసి
ఈ చివర్నించి ఆ చివరికి, మళ్ళీ ఈ చివరికి.
గోషాసుపత్రిలో కూతురికి
తెల్లవారుజాము నుంచీ నొప్పులు.
కూర్చోవయ్యా అన్నాను.
"ముడియల మేడమ్."

లోపలికొచ్చి
'మోసం' కొట్టేశాను.
అతని ఫోను ఇంకా మోగలేదు.