ఏడో చుట్టు

జ్ఞానాపురం షెడ్డులో
అసిరినాయుడు మోటారు ఊడదీశాడు.
లోపల తీగంతా పచ్చటి చిలుము.
"ఉప్పుగాలి తినిపించీసినారు బాబూ దీనికి."

నా కన్నా పెద్దది ఈ ఎర్ర కారు.
పోయిన తుపానునాడు మీట నొక్కితే
జానెడు జరిగి బిగుసుకుపోయింది పైకప్పు.
సీట్లు ఇంకా ఆ వాన వాసనే.

వైర్లు కత్తిరించి టేపు చుట్టాడు.
హార్బరులో తుక్కుకింద కొట్టిన బోటుది
ఓ ఇత్తడి పిడి
సానపట్టి పళ్ళచక్రానికి తగిలించాడు.

మొత్తం పదకొండు చుట్లు.
ఏడో చుట్టులో మొరాయిస్తుంది.
"అక్కడ బలం ఎట్టకండి. ఆగండి. అదే వొస్తాది."

భీమిలి రోడ్డులో
తొట్లకొండ దాటాక కారు ఆపి
తిప్పడం మొదలెట్టాను.
ఏడు దగ్గర ఆగాను.

సందులోంచి
ఒక చీలిక ఆకాశం, ఎండుచేపల వాసన.

మిగతా నాలుగూ
ఇవాళ తిప్పలేదు.